సొంత మొగుడితో లేచిపోవడం

మే 17, ఆదివారం

నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మర్చిపోతాను. ఏడో తరగతి అయ్యాక హైస్కూలు పక్కూళ్ళో ఉంది, బస్సు లేదు, అక్కడితో ఆగిపోయింది. క్షమించమని ఎవరిని అడగాలో తెలియడం లేదు, చదివేది నేనే కదా. అయినా రాసేముందు అడగాలి. శ్రీవల్లీ, క్షమించు. ఈ ఇంట్లో నోటితో చెప్పుకోవడానికి మనిషి లేక చేత్తో చెప్పుకుంటున్నాను.

నిన్న అమెరికాకి ఆ చివరున్న క్యారీ నుంచి ఈ చివర మా బాతెల్‌కి తిరిగొచ్చాం. అక్కడ పెద్ద బావ ఉమాకాంత్ కొత్తింట్లో గృహప్రవేశం. హోమం చేశారు, పాలు పొంగించారు, నూటయాభై మందికి భోజనాలు పెట్టారు. నేను పులిహోర వడ్డించాను. వడ్డిస్తూనే నా ఒళ్ళు మండిపోయింది.

ఎందుకో వరసగా రాసుకుంటాను, నా తప్పు ఎక్కడుందో నాకైనా కనపడాలి.

జనవరిలో ఆయన తమ్ముడు రవికాంత్ బావా నేనూ వినుకొండ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టాం. వీసాకి ఆ కాగితం కావాలి. అసలు పెళ్ళి ఫిబ్రవరిలో అనుకున్నారు. ముహూర్తం వారం ఉందనగా బావ నాయనమ్మ పోయింది. మంచి మనిషి, ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఏడాది దాకా ఇంట్లో శుభకార్యం చేయకూడదన్నారు. సరే అన్నాను. బావ సెలవైపోయి అమెరికా వెళ్ళిపోయాడు. నాకు వీసా వచ్చింది, వృథా పోతుందని మార్చిలో అత్తా మామయ్యా వస్తూ వస్తూ నన్నూ తీసుకొచ్చారు. అత్త అంటే మా నాన్న తోడబుట్టిన అన్నపూర్ణే. పరాయి అత్తగారైతే ఇంత కోపం వచ్చేది కాదేమో.

ఈ అపార్ట్‌మెంట్‌లో రెండు పడక గదులు. ఒకదాంట్లో అత్తా నేనూ. ఇంకోదాంట్లో మామయ్యా బావా. తాళి కట్టలేదు కాబట్టి పెళ్ళి కాలేదట. అమెరికా సర్కారుకి నేను పెళ్ళాన్ని. వంటింటికి కోడల్ని. పడకగదికి మాత్రం మేనకోడల్ని.

క్యారీకి బావ రాలేదు, ఆఫీసు ఉందని. నన్ను బావ దగ్గర ఒంటరిగా వదలకూడదని నాకూ టికెట్ కొన్నారు! తిరిగి వచ్చేటప్పుడు విమానంలో ధైర్యం చేసి అడిగాను.

"అత్తా, ఏడాది దాకా శుభకార్యం కూడదంటివిగా. గృహప్రవేశం శుభకార్యం కాదా?"

"అది లోనుతో పనే పిల్లా. బ్యాంకోడికి మైలేంది? తారీఖు దాటితే వడ్డీ మారిపోయిద్దంట."

బ్యాంకువాడు ఆగడు. నేను ఆగుతాను. అందుకని ఇంటికి లేని మైల నాకు వచ్చింది.


మే 19

బావకి బాక్సులో పెరుగన్నం పెట్టాను. "థాంక్స్ వల్లీ" అన్నాడు. అత్త చూసింది. నేను గిన్నెలు తోముకున్నాను.


మే 23, శనివారం

పక్క ఫ్లాట్ అలేఖ్య పిలిస్తే వెళ్ళాను. హైదరాబాద్ అమ్మాయి, వారమంతా మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తుంది, శని ఆదివారాలు పెళ్ళి ఫోటోలు తీస్తుంది. కంప్యూటర్లో ఫోటోలు చూపించింది. తెల్లగౌను వేసుకున్న అమ్మాయి, కాళ్ళకి బురద బూట్లు, చుట్టూ మంచుకొండలు, పక్కన పెళ్ళికొడుకు. ఇంకెవరూ లేరు.

"చుట్టాలేరీ?" అన్నాను.

"చుట్టాల్ని పిలుస్తే గది ఎట్ల ఇలోప్ అయితది? ఇలోప్ అంటే లేచిపోవుడు. ఇక్కడ గిదొక ఫ్యాషన్. అడివిలకు పోయి పెళ్ళి చేస్కుంటరు."

"లేచిపోతూ ఫోటోలు తీయించుకుంటారా? డబ్బులిచ్చి?"

అలేఖ్య కుర్చీలో వెనక్కి పడి నవ్వింది. ఆ నవ్వు చూశాకే నా సంగతంతా చెప్పాలనిపించింది. అన్నీ చెప్పేశాను. అమెరికా వచ్చాక ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడింది ఇవ్వాళే. ఆమె నవ్వడం మానేసింది.

"నువ్వు గూడ లేచిపో పిల్లా."

"ఎవరితో?"

"నీ మొగుడితోనే. లీగల్‌గా నీ మొగుడేనాయె. పోలీసులు గూడ ఏం జేయలేరు. మంచి చెరువు ఒకటుంది కొండ మీద, నేన్ దీస్కపోత."

నేను ఇంటికొచ్చేశాను. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.


మే 27

బావతో మాట్లాడాలంటే కింద లాండ్రీ గది ఒక్కటే చోటు. మిషన్ చప్పుడులో మాటలు బయటికి వినపడవు. బట్టల బుట్ట బరువని బావ మోసుకొస్తాడు, అత్త కాదనలేదు.

 మిషన్ లోపల తిరుగుతున్న బావ చొక్కాల వంక చూస్తూ అడిగాను. "మనం లేచిపోదామా?"

"ఎవరం?"

"నువ్వూ నేనూ."

బావకి మొదట అర్థం కాలేదు. తర్వాత చెవులదాకా ఎర్రబడ్డాడు. "వల్లీ! నువ్వేనా మాట్లాడేది!" అని, "సీరియస్సా?" అని, మళ్ళీ "ఐ లైక్ ఇట్" అన్నాడు. చెరువు దగ్గర టెంటు వేద్దామన్నాడు, తెల్లారి సూర్యుణ్ణి చూద్దామన్నాడు, తాళి తనే సిద్ధం చేస్తానన్నాడు. తాళి నా దగ్గరే ఉందన్నాను. మాకు రెండు బొట్లు కదా, పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి. పుట్టింటి బొట్టు అమ్మ పసుపుగుడ్డలో కట్టి నా పెట్టెలో పెట్టింది. అత్తింటి బొట్టు అత్త దగ్గర ఉంది. ఒక్కటి చాలన్నాడు బావ.

మిషన్ ఆగిపోయింది. బట్టలు ఆరేసే మిషన్లో కూడా వేసి ఇంకాసేపు ఉన్నాం.

బావ మంచివాడు. ఎదురు చెప్పలేడు, అంతే.


జూన్ 2

జూన్ 26 శుక్రవారం. కొండ మీద రాత్రి ఉండడానికి అలేఖ్య పర్మిట్ చేయించింది. అత్తకి చెప్పే మాట కూడా ఆమే తయారు చేసింది: ఎవరో తెల్ల పెళ్ళికూతురికి చీర కట్టాలట, దానికి నన్ను కొండకి తీసుకెళ్తుందట. బావకేమో ఆఫీసువాళ్ళ క్యాంపింగ్.

అలేఖ్య తన పాత బూట్లు ఇచ్చింది. రెండు జతల మేజోళ్ళు తొడిగితే సరిపోయాయి. కొండ నాలుగు మైళ్ళ ఎక్కుడు అంది, బరువుతో నడవడం నేర్చుకోమంది. మధ్యాహ్నం అత్త పడుకున్నాక బియ్యం బస్తా వీపుకి కట్టుకుని మెట్లు ఎక్కి దిగుతున్నాను. ఇవ్వాళ మామయ్య ఎదురొచ్చాడు.

"బియ్యం ఎక్కడికే తీసకపోతన్నావు?"

"ఎండకి పెడదామని మామయ్యా."

"మూడో అంతస్తులో ఎండేందే?"

మామయ్య కొండల్ రావు ముప్పై ఏళ్ళు తాసీల్దారు ఆఫీసులో పనిచేశాడు. ప్రశ్న వేస్తాడు, జవాబు కోసం ఆగడు. వాకింగ్‌కి వెళ్ళిపోయాడు.


జూన్ 8

బావ బూట్లు కొనలేదు. ఆఫీసులో రిలీజ్ అట, ఏదో పని గడువు. శనివారం కొంటాడు.


జూన్ 11

ఇవ్వాళ జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

ఏడాది నియమం చాలదన్నట్టు మామయ్య పంచాంగం ముందేసుకుని కూర్చున్నాడు. ఈ ఏడాది ఆషాఢాలు రెండు, ముందు అధికం, తర్వాత నిజం. పదిహేడో తారీఖున మొదలైతే ఆగస్టు సగందాకా ముహూర్తాలు లేవన్నాడు. ఆ తర్వాత శుక్రుడు కనపడడట. ఆ తర్వాత ఇంకేదో.

"అధిక మాసాన్ని కూడా ఆషాఢమే అంటారా మామయ్యా?" అని అడిగాను, నా దురద నాది.

మామయ్య నోరు తెరిచేలోపు అత్త అంది, "అధికమైనా ఆషాఢం ఆషాఢమే. పెళ్ళి మాటే ఎత్తకూడదు."

"అయితే అత్తా, ఆషాఢంలో అత్తా కొత్తకోడలూ ఒక గడప దాటకూడదంటారుగా. రెండు నెలలు మనం ఒకింట్లో ఎట్టా ఉంటాం?"

అత్త నవ్వింది. కోప్పడినా బాగుండేది. "అది పెళ్ళైనోళ్ళకే. నీకు పెళ్ళెక్కడయిందే?" అని, అదే నోటితో "సాయంత్రానికి గోంగూర తీసిపెట్టు" అంది.

కోడలి హక్కు అడిగితే పెళ్ళి కాలేదు. కోడలి చాకిరీకి మాత్రం పెళ్ళి అయింది. గోంగూర మొత్తం కాడలతో సహా వండి పడేశాను. ఎవరూ కనిపెట్టలేదు.


జూన్ 14

బావ బూట్లు కొనలేదు. ఆన్‌లైన్‌లో చూస్తున్నాడట. లాండ్రీ గదికి కూడా రాలేదు. తలనొప్పి అన్నాడు. నిజంగానే కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పని ఎక్కువైంది పాపం.


జూన్ 16

అలేఖ్య ఒక డబ్బా తెచ్చిచ్చింది. నల్లగా, లావుగా, చిన్న బిందెంత ఉంటుంది. ఎలుగుబంటి డబ్బా అట. అడవిలో రాత్రి ఉండేవాళ్ళు తిండీ, వాసన వచ్చే వస్తువులూ ఇందులో పెట్టి దూరంగా ఉంచాలి, లేకపోతే ఎలుగుబంటి టెంటు దగ్గరికి వస్తుంది. మూత నొక్కితే మూసుకుంటుంది. తీయడం మాత్రం కష్టం. మూత మీద రెండు గీతలున్నాయి, వాటిలో క్వార్టరు నాణెం పెట్టి తిప్పాలి. మా ఇద్దర్నీ తీయడం నేర్చుకోమంది. నాకు నాలుగోసారికి వచ్చింది. బావకి చూపిస్తానంటే "చూద్దాంలే" అన్నాడు.

డబ్బా వంటింటి అలమరలో బియ్యం వెనక దాచాను.


జూన్ 20, శనివారం

నా రాత ఇలాగే తగలడింది.

నేను బట్టలు ఉతికి పైకి వచ్చేసరికి ఇల్లంతా ఆవపిండి ఘాటు. అత్తా మామయ్యా ఇండియన్ స్టోరుకి వెళ్ళి మామిడికాయలు తెచ్చి ముక్కలు కొట్టి ఆవకాయ కలిపేశారు. పెట్టడానికి జాడీ లేక అత్త అలమర వెతికింది.

"ఎంత మంచి డబ్బా దాచిపెట్టావే వల్లీ! వినుకొండలో గూడా ఇట్టాంటిది దొరకదు. గట్టిగా ఉంది, వెడల్పు మూతి, చెయ్యి పట్టుద్ది."

ఎలుగుబంటి డబ్బా నిండా ఆవకాయ. పైన చేరెడు నూనె. మూత నొక్కేసింది కూడా.

నేను బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నంలోకి కొత్తావకాయ కలుపుకుందామని అత్త మూత తీయబోతే రాలేదు. మామయ్య పట్టుకుని తిప్పాడు. స్క్రూడ్రైవర్ తెమ్మన్నాడు. బావ ఒళ్ళో పెట్టుకుని గుంజాడు. ముఖం ఎర్రగా అయింది గాని మూత కదల్లేదు. నేర్చుకోమంటే చూద్దాంలే అన్నాడుగా!

పగలగొడతామని మామయ్య సుత్తి కోసం లేచాడు. అలేఖ్య వస్తువది. నేను క్వార్టరు తెచ్చి రెండుచోట్లా తిప్పి మూత తీసిచ్చాను.

అందరూ నావంకే చూశారు.

"నీకెట్టా తెలుసే?" అంది అత్త. "ఇదసలు ఏం డబ్బా?"

"ఎలుగుబంటి డబ్బా."

"ఎలుగుబంటికి ఊరగాయ పెడతారా ఇక్కడ?" అన్నాడు మామయ్య.

ఎవరూ నవ్వలేదు. అత్త బావ వంక తిరిగింది. "ఏందిరా ఇది?"

చెప్తాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఒక పక్క సంతోషంగా కూడా ఉంది, పీడా పోతుంది, చెప్పేస్తాడు అని.

"ఏం లేదమ్మా. ఆ అలేఖ్య ఏదో ప్లాన్ చేసింది. కొండ మీద పెళ్ళి, అదీ ఇదీ. వల్లి సరదా పడింది. నేను ఊఁ అన్నానంతే."

నేను ఊఁ అన్నానంతే.


జూన్ 21

నేను ఊఁ అన్నానంతే అట.


జూన్ 22

అత్త నన్ను తిట్టలేదు. అది ఇంకా ఘోరం. "చిన్నపిల్ల, దానికేం తెలుసు. చదువుకున్నోళ్ళు ఎక్కిస్తే ఎక్కింది" అని ఫోన్లో ఉమాకాంత్ బావకి చెప్తోంది. నాకేం తెలుసట. ఏడో తరగతి వరకే చదివితే కోపం కూడా ఒకరు ఎక్కిస్తేనే ఎక్కుతుందా?

బావ లాండ్రీ గదికి వచ్చాడు. నేను బట్టలు తీసుకుని వచ్చేశాను, తడివి తడిగానే.


జూన్ 23

ఆవకాయ తిరగ కలిపింది అత్త. నన్నే మూత తీయమంది. తీశాను.


జూన్ 25, గురువారం

అన్నాల దగ్గర చెప్పేశాను. 

"రేపు నేను అలేఖ్యతో వెళ్తున్నాను. చీర కట్టడానికి కాదు. కొండ మీద చెరువు దగ్గర సాయంత్రం దాకా ఎదురుచూస్తాను. రావాలనుకున్నవాళ్ళు రావచ్చు. రాకపోతే వినుకొండకి టికెట్ తీయండి, అక్కడ మా నాన్నకి నేను ఏమవుతానో నాకు తెలుసు."

మామయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు.

"పో. ఎవరాపారు?" అంది అత్త.

బావ కంచంలోకి చూస్తున్నాడు. కంచంలో ఏముందో నాకు తెలుసు, వడ్డించింది నేనే. అంతసేపు చూడాల్సినంత ఏమీ లేదు.


జూన్ 28, ఆదివారం

రెండు రోజులు రాయలేదు. కూర్చుని వరసగా రాస్తాను.

శుక్రవారం తెల్లవారుతూనే అలేఖ్య కార్లో బయల్దేరాం. బావ గది తలుపు వేసే ఉంది. దారిలో రేంజర్ల ఆఫీసు దగ్గర ఆగాం. మా డబ్బా ఆవకాయ పాలైందిగా, వాళ్ళు ఇంకోటి అరువిచ్చారు. టోపీ పెట్టుకున్న రేంజరమ్మాయి వాసన వచ్చేవి ఏమున్నాయో చెప్పమంది. అలేఖ్య నా సంచి విప్పింది. పసుపు, కుంకుమ, జీలకర్రా బెల్లమూ కలిపి నూరిన ముద్ద, అగరొత్తులు, కర్పూరం. ఆ అమ్మాయి ఒక్కోటీ వాసన చూసి డబ్బాలో పెట్టించింది. పసుపుతాడు కట్టిన నా బొట్టు కూడా వాసన చూసి డబ్బాలోనే పెట్టమంది. కర్పూరం చూసి వేలు ఊపింది. ఈసారి వానల్లేక అడవి ఎండిపోయిందట, అగ్గిపుల్ల కూడా గీయకూడదు. బియ్యపుగింజలు నేలమీద పడకూడదు.

నిప్పు లేకుండా పెళ్ళేమిటని ఒక్క నిమిషం భయమేసింది. తర్వాత అనుకున్నాను, నా కడుపులో ఉన్నది చాలదా.

దారి బాగా ఎక్కుడు. చెట్లు మన తాటిచెట్లకి రెండింతలు. ఎక్కినకొద్దీ ఊపిరి అందలేదు గాని, బియ్యం బస్తా మోసిన వీపు నన్ను మోసింది. అలేఖ్యే నాలుగుచోట్ల కూర్చుంది. "గింత పిల్లవు, గింత కోపం ఎట్ల మోస్తున్నవే" అంది.

పైన చెరువు నీలంగా ఉంది. ఒక ఒడ్డున ఇంకా కొంచెం మంచుంది. మనిషి అలికిడి లేదు. అలేఖ్య నన్నొక్కదాన్నే నిలబెట్టి ఫోటో తీస్తానంది. వద్దన్నాను. ఒక్కదాన్నే ఉన్న ఫోటో పాస్‌పోర్టుకి ఎట్లాగూ ఉంది.

బూట్లతోనే పట్టుచీర కట్టుకుని రాయి మీద కూర్చున్నాను. పొద్దు కొండ అంచుకి దగ్గరైంది. అలేఖ్య గడియారం చూడడం, నేను చూడనట్టు ఉండడం. వినుకొండలో మా నాన్నతో ఏం చెప్పాలో మాటలు కూర్చుకోవడం మొదలుపెట్టాను. మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను.

అప్పుడు చెట్ల మధ్య నుంచి బావ వచ్చాడు. పాలిష్ చేసిన ఆఫీసు బూట్లు, బురద పట్టిపోయాయి. భుజాన లాప్‌టాప్ సంచి. మెడలో ఆఫీసు బ్యాడ్జి వేలాడుతోంది. మాట్లాడబోతే ఊపిరి రాక మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయాడు. నేను రాయి మీద నుంచి లేవలేదు.

"ఎవరు పంపించారు?" అన్నాను.

"ఎవరూ లేదే. మీటింగ్‌లో కూర్చున్నా, ఏం వినపడలా. లేచొచ్చేశా."

"అత్తని అడిగావా?"

"అడగలా. కారెక్కాక ఫోన్ చేసి చెప్పా."

"ఏమని?"

బావ నిలబడ్డాడు. "ఆ రోజు అబద్ధం చెప్పానమ్మా, ప్లాన్ వల్లిదెంతో నాదీ అంతే, నేను పెళ్ళి చేసుకోవడానికి పోతన్నా అని చెప్పా."

"ఆ మాట ఆ రోజు అనాల్సింది. అందరి ముందూ."

"అనాల్సిందే."

"నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు."

"తెలుసు."

"ఏం తెలుసు? బూట్లు కూడా కొనలేదు నువ్వు!"

అలేఖ్య మధ్యలోకి వచ్చింది. "అన్నా, అక్కా, పెళ్ళయినంక కొట్లాడుకోరి. వెలుతురు పోతే నా ఫోటోలు రావు."

ముందు బావ మెడలో తాడు తీయించాను, ఆ బ్యాడ్జి. డబ్బా తీయమని నాణెం బావకిచ్చాను. నాణెం జారి రాళ్ళలో పడింది. నేనే వెతికి తీశాను. జీలకర్రా బెల్లం ఒకరి తల మీద ఒకరం పెట్టుకున్నాం. ఖాళీ డబ్బా బోర్లించి అలేఖ్య రెండు చేతులా వాయించింది, అదే గట్టిమేళం. బావ మూడు ముళ్ళు వేశాడు. రెండో ముడి తప్పిపోతే మళ్ళీ వేశాడు. తలంబ్రాలకి కింద టవలు పరుచుకున్నాం. అయినా గింజలు పడ్డాయి. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ పక్కపక్కన మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళ సందుల్లోంచి ఒక్కో బియ్యపుగింజా ఏరి డబ్బాలో వేశాం. అక్కడే నవ్వొచ్చింది మాకు. అలేఖ్య ఆ ఫోటో తీసింది. అదే బాగుంది.

అలేఖ్య టెంటు చెరువుకి అవతల వేసుకుంది.

శనివారం తెల్లవారింది. దాని గురించి రాయను.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చాం. తలుపు తెరిచే ఉంది. అత్త హాల్లో నిలబడి ఉంది. వెనక మామయ్య, పక్కన వాళ్ళ రెండు పెట్టెలూ కట్టేసి ఉన్నాయి.

"ఆగవే అక్కడ" అంది. నా మెడ వంక చూసింది. "కట్టాడా?"

"కట్టాడు."

"లోపలికి రామాక."

ఒళ్ళు భగ్గుమంది. ఇంత కొండెక్కి దిగి, ఈ మాట కోసమా! బావ ముందుకు వచ్చాడు, "అమ్మా..." అని. అత్త చెయ్యెత్తింది.

"ఆషాఢంరా. కొత్తకోడలు అత్త ఉన్న గడప తొక్కకూడదు. ఇది నీ ఇల్లు, నీ పెళ్ళాం ఇల్లు. మేమే పోతాం. ఉమాకాంత్ టికెట్లు తీశాడు."

కోడలు అంది. మార్చి నుంచి నేను అడుగుతున్న మాట, పెట్టె కట్టుకుని అంది. సంతోషం రావాలి కదా, రాలేదు. "అధికమేగా అత్తా, నిజ ఆషాఢం కాదుగా" అన్నాను, ఉక్రోషంతో.

"అధికమైనా ఆషాఢం ఆషాఢమే" అంది అత్త. నా వంక చూసి, ఇంకెటో చూసింది.

ఆవిడ గడప దాటాలంటే నేను పక్కకి జరగాలి. మెట్ల దాకా జరిగాను. అత్త బయటికొచ్చింది. నన్ను దాటుతూ ఆగింది. "ఆవకాయ ఉప్పు సరిపోయింది. తడి చెయ్యి పెట్టమాక" అని దిగిపోయింది. మామయ్య పెట్టె మోస్తూ, "బియ్యం ఎందుకు మోశావో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

బావ వాళ్ళని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాడు. నేను కుడికాలు ముందు పెట్టి, ఎవరూ చూడకుండా, ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను. వంటింట్లో ఎలుగుబంటి డబ్బా మూత మీద అత్త చేతిరుమాలు ముడి కట్టి ఉంది. విప్పితే అత్తింటి బొట్టు.

చేతికివ్వడానికి ఏం పోయింది? మూడడుగుల దూరంలో నిలబడ్డానే! తలుపు వేసి ఉంటే తాంబూలం గడప మీద పెట్టి పోయినట్టు ఊరగాయ మీద పెట్టి పోతుందా?

బావ రాత్రి తాడుకి గుచ్చుతానన్నాడు. వద్దన్నాను. మళ్ళీ రుమాల్లో కట్టి, ఉన్నచోటే పెట్టాను.


జూలై 12

నిన్నటికి పదహారు రోజుల పండగ, రెండు బొట్లూ ఒక తాడుకి చేరాల్సిన రోజు. అత్త ఫోన్ చేసింది, బావకి. పక్కనుంచి వినపడుతూనే ఉంది. "ఆ బొట్టు గుచ్చుకుందా?" అని.

నేను ఫోన్ తీసుకున్నాను. "లేదత్తా. శ్రావణంలో నువ్వే వచ్చి నీ చేత్తో గుచ్చు. అప్పటిదాకా అది ఆవకాయ మీదే ఉంటుంది."

 "నూనె తేలిందా?" అంది అత్త.

"తేలింది."

"అయితే శ్రావణానికి బాగా ఊరుద్దిలే" అంది.

దాన్ని రావడానికి ఒప్పుకోవడం అనుకోవాలో లేదో నాకు తెలియదు. బావ ఒప్పుకోవడమే అంటున్నాడు. బావ అన్నిటికీ అలాగే అంటాడు. బూట్లు మాత్రం కొన్నాడు.

ఇక రాయను. బావా, ఇది ఎప్పుడైనా నీ చేతికి దొరికితే చదవకు, కాల్చెయ్. ఇంట్లో కాదు, పైకప్పుకున్న అలారం గోలపెడుతుంది. బయటా ఇప్పుడు కాదు, వానలు పడేదాకా నిప్పు పెట్టకూడదని వీధి చివర బోర్డు పెట్టారు. అత్త వచ్చి, ఆ బొట్టు గుచ్చి, వానలు కూడా పడ్డాక, అప్పుడు కాల్చు. అందాకా నా కోపం ఇందులోనే ఉండనీ.